మాడ్యులర్ ల్యాప్‌టాప్‌కి 2 టీబీ స్టోరేజ్ కార్డు సొంతంగా చేసుకోవచ్చా?

మీ ప్రశ్నను ముందు కుదించి చెబుతాను. మీ దగ్గర ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ 13 ఉంది, అంటే విడిభాగాలు మనమే మార్చుకోగలిగే మాడ్యులర్ ల్యాప్‌టాప్. లోపల ఎస్‌ఎస్‌డీ గుచ్చడానికి ఉన్నది ఒకే ఒక్క ఎం.2 2280 స్లాట్, అందులోని 1 టీబీ నిండిపోయింది. ల్యాప్‌టాప్ అంచు గాడుల్లో యూఎస్‌బీ-సీకి గుచ్చుకునే కంపెనీ స్టోరేజ్ కార్డులు (ఎక్స్‌పాన్షన్ కార్డులు) 250 జీబీ, 1 టీబీ సైజుల్లో చూశారు గానీ మీకు 2 టీబీ కావాలి. బోర్డు మీరే డిజైన్ చేసి, ఫ్లాష్ చిప్పులు దాని మీదే సోల్డర్ చేస్తే అవుతుందా, ఎంత స్పీడు వస్తుంది, దాని మీద లినక్స్ వేసి రోజూ నడుపుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను: కార్డు చేసుకోవచ్చు, విడి ఫ్లాష్ చిప్పుల జోలికి మాత్రం వెళ్లకండి. రెడీగా దొరికే పొట్టి సైజు ఎం.2 2230 ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ ఒకటి, దాన్ని యూఎస్‌బీకి మార్చే బ్రిడ్జ్ చిప్ ఒకటి తీసుకుని వాటి చుట్టూ మీ బోర్డు గీయండి. సెకనుకు 1,000 ఎంబీ దాకా వస్తుంది. కార్డు ల్యాప్‌టాప్ అంచు దాటి కొంత బయటికి వస్తుంది, అది తప్పదు. లినక్స్ బూట్ అవుతుంది. రోజూ వాడాలంటే మాత్రం స్లీప్ విషయంలో ఒక పరీక్ష పెట్టాలి, దాని గురించి కింద రాస్తాను.

నేను చాలా ఏళ్లుగా యూఎస్‌బీ పరికరాలకు బోర్డులు డిజైన్ చేస్తున్నాను. సొంతంగా చేసుకున్న స్టోరేజ్ బోర్డులు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లలో "స్పీడు రావట్లేదు" అనేవాళ్లు తక్కువ, "కాపీ మధ్యలో డ్రైవ్ మాయమైపోతోంది" అనేవాళ్లే ఎక్కువ. అలా మాయమవడానికి కారణం దాదాపు ప్రతిసారీ కరెంటో, వేడో అయి ఉంటుంది. అందుకే స్పీడు కన్నా ఆ రెండింటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక మాట. మీకు కావలసింది కేవలం చోటే అయితే, లోపలి 1 టీబీ తీసేసి 2 లేదా 4 టీబీ 2280 పెట్టుకోవడమే సరైన పని. ఆ స్లాట్ నేరుగా పీసీఐఈ (ప్రాసెసర్‌తో మాట్లాడే వేగమైన లింక్) మీద ఉంటుంది, మధ్యలో బ్రిడ్జ్ ఉండదు, ఊడిపోయే ప్రసక్తే లేదు. సొంత కార్డుకు అర్థం ఉండేది డ్రైవ్‌ను తీసి ఇంకో మెషీన్‌కి పెట్టుకోవాలన్నా, పని డేటాను వేరుగా ఉంచుకోవాలన్నా, రెండో ఆపరేటింగ్ సిస్టమ్ కావాలన్నా, లేదా చేసి నేర్చుకోవాలన్నా. చివరిది కూడా మంచి కారణమే.

విడి ఫ్లాష్ చిప్పులు ఎందుకు వద్దంటే

నాండ్ చిప్, అంటే విడి ఫ్లాష్ చిప్, తనంతట తాను డ్రైవ్ కాదు. కొత్త చిప్‌లో కూడా పాడైన బ్లాకులు కొన్ని ఉంటాయి, చదివిన ప్రతిసారీ బిట్లు తారుమారవుతుంటాయి, ప్రతి బ్లాకూ కొన్నిసార్లే చెరిపి రాయడానికి పనికొస్తుంది. వీటన్నిటినీ సంభాళించేది కంట్రోలర్, దానిలోని ఫర్మ్‌వేర్. ఆ ఫర్మ్‌వేర్ ఒక్కో నాండ్ రకానికి విడిగా ట్యూన్ చేసి ఉంటుంది. దాన్ని ఎక్కించే టూల్స్‌ని కంట్రోలర్ కంపెనీలు తమ కస్టమర్లకే ఇస్తాయి. ఎక్కడో దొరికిన టూల్‌తో, ఎక్కడో దొరికిన నాండ్‌తో డ్రైవ్ లేపినవాళ్లు ఉన్నారు. హాబీగా అద్భుతమైన పనే, కానీ అలాంటి డ్రైవ్ మీద మీ పని ఫైళ్లు పెట్టుకోమని నేను చెప్పలేను. చిప్ అడుగున ఉండే బీజీఏ సోల్డర్ బంతులు సరిగ్గా అతుక్కున్నాయో లేదో ఎక్స్‌రే లేకుండా తెలుసుకోవడం కూడా కష్టమే.

కంట్రోలర్, నాండ్ రెండూ ఒకే ప్యాకేజీలో ఉండే బీజీఏ ఎస్‌ఎస్‌డీలు ఉన్నాయి, 16 × 20 మి.మీ. సైజులో. కార్డులో పూర్తిగా ఇమిడిపోవాలంటే అదే దారి. కానీ విడిగా కొనడం తేలిక కాదు, ఒకసారి అతికాక పెద్దది మార్చుకునే వీలూ ఉండదు. మాడ్యులర్ ల్యాప్‌టాప్ కొనుక్కుని దానికి మార్చలేని కార్డు చేసుకోవడం నాకు నచ్చదు.

కొలతలు

ఎక్స్‌పాన్షన్ కార్డు బయటి కొలత సుమారు 30 × 32 × 6.8 మి.మీ. ఎం.2 2230 అంటే 22 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. పొడవు. కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ దానికి ముందు ఎం.2 సాకెట్, ఆ ముందు యూఎస్‌బీ-సీ ప్లగ్, బ్రిడ్జ్ చిప్, రెగ్యులేటర్ ఉన్నాయి. ఏ వైపు తిప్పి పెట్టినా 32 మి.మీ.లో పట్టదు. కార్డు బయటికి రావాల్సిందే.

బయటికి వచ్చిన భాగం మీద చేయి పడితే ఆ ఒత్తిడి అంతా లోపలి యూఎస్‌బీ-సీ రిసెప్టకిల్ (ప్లగ్ దూరే సాకెట్) మీదికి వెళ్లకూడదు. కార్డు పక్క గాడులు, కింది లాచ్ ఆ ఒత్తిడిని తీసుకునేలా కేసు గీయాలి. ఈ విషయంలో ఫ్రేమ్‌వర్క్ మంచి పని చేసింది. కార్డు మెకానికల్ డ్రాయింగులు, ప్రింట్ చేసుకునే కేసు మోడళ్లు, కైకాడ్ (బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్) రిఫరెన్స్ బోర్డులు గిట్‌హబ్‌లో ఓపెన్ లైసెన్స్ కింద పెట్టింది. గాడుల కొలతలు అక్కడి నుంచే తీసుకోండి, కాలిపర్‌తో కొలిచి ఊహించకండి. బయటి భాగం అడుగు ల్యాప్‌టాప్ రబ్బరు కాళ్ల మట్టం కన్నా కిందికి దిగకుండా చూసుకోండి. లేకపోతే బల్ల మీద పెట్టిన ప్రతిసారీ కార్డు పైకి తన్నుతుంది.

2 టీబీ 2230 దొరుకుతుందా అన్న అనుమానం అక్కర్లేదు. మైక్రాన్ 2022లోనే 2400 సిరీస్‌లో 2 టీబీ 2230ని ప్రకటించింది. ఆ తర్వాత చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీల పుణ్యమా అని ఈ సైజు మామూలైపోయింది.

బ్రిడ్జ్ చిప్

రియల్‌టెక్ ఆర్‌టీఎల్9210బీ, ఏఎస్‌మీడియా ఏఎస్‌ఎం2362, జేమైక్రాన్ జేఎంఎస్583. మూడూ 10 గిగాబిట్ చిప్పులే. నేను 9210బీ వైపు మొగ్గుతాను. అది ఎన్‌వీఎంఈ, పాత సాటా రకం ఎస్‌ఎస్‌డీలు రెండింటినీ గుర్తుపడుతుంది, లినక్స్‌లో బాగా నలిగిన చిప్.

20 గిగాబిట్ బ్రిడ్జ్ పెడితే స్పీడు రెట్టింపు కదా అని చాలామంది అడుగుతారు. ఏఎస్‌ఎం2364 లాంటివి రెండు లేన్లు వాడే యూఎస్‌బీ 3.2 జెన్ 2×2 మీద నడుస్తాయి. ల్యాప్‌టాప్ పోర్టుల్లో ఆ మోడ్ అరుదు. యూఎస్‌బీ4 అని రాసి ఉన్న పోర్టులో కూడా అది ఉంటుందన్న హామీ లేదు, లేకపోతే 10కే దిగిపోతుంది. యూఎస్‌బీ4 బ్రిడ్జ్ ఏఎస్‌ఎం2464పీడీ నిజంగానే చాలా వేగం ఇస్తుంది, కానీ అది మింగే కరెంటు, కక్కే వేడి ఇంత చిన్న పెట్టెలో పట్టవు. పైగా 13లో ఏఎండీ 7040 ప్రాసెసర్ బోర్డు అయితే వెనకవైపు రెండు పోర్టులే యూఎస్‌బీ4, ముందువి యూఎస్‌బీ 3.2. కార్డును ఎక్కడైనా పెట్టుకోవచ్చన్న సౌలభ్యం పోతుంది.

ఒక విషయం చాలామందికి తెలియదు. చవకైన 2230లలో సొంత డీర్యామ్ ఉండదు, ల్యాప్‌టాప్ ర్యామ్‌లో కొంత అప్పు తీసుకుని తమ మ్యాపింగ్ పట్టికను అక్కడ పెట్టుకుంటాయి. దాన్నే హోస్ట్ మెమరీ బఫర్ అంటారు. యూఎస్‌బీ బ్రిడ్జ్ వెనక ఆ సదుపాయం పనిచేయదు, ఎందుకంటే ల్యాప్‌టాప్ ర్యామ్‌ను ఎస్‌ఎస్‌డీ నేరుగా చేరలేదు. పెద్ద ఫైళ్ల కాపీలో తేడా తెలియదు. వేలకొద్దీ చిన్న ఫైళ్లు చదివేటప్పుడు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిపేటప్పుడు, అదే డ్రైవ్ లోపలి స్లాట్‌లో ఉన్నంత చురుగ్గా ఉండదు.

ప్లగ్ దగ్గర అందరూ చిక్కుకునే చోటు

మీ కార్డుకు రిసెప్టకిల్ ఉండదు, నేరుగా మగ ప్లగ్ ఉంటుంది. ఇది మీకు లాభం. ఏ వైపు తిప్పి గుచ్చారో చూసుకునే మక్స్ (సిగ్నల్ దారి మార్చే స్విచ్) హోస్ట్ వైపే, అంటే ల్యాప్‌టాప్ వైపే ఉంటుంది కాబట్టి మీ బోర్డు మీద అది అక్కర్లేదు. సీసీ పిన్‌కి (పరికరం గుచ్చారని తెలిపే పిన్) 5.1 కిలో ఓమ్ రెసిస్టర్‌తో గ్రౌండ్ ఇస్తే చాలు, ల్యాప్‌టాప్ కరెంటు ఇస్తుంది.

కానీ పిన్ పేర్లు జాగ్రత్తగా చదవండి. టీఎక్స్ అంటే పంపేది, ఆర్‌ఎక్స్ అంటే అందుకునేది. ప్లగ్ పట్టికలో టీఎక్స్1 అని ఉన్న ఏ2, ఏ3 పిన్‌లు ల్యాప్‌టాప్ పంపే సిగ్నల్‌ని మోస్తాయి. అవి మీ బ్రిడ్జ్ ఆర్‌ఎక్స్‌కి వెళ్లాలి. బ్రిడ్జ్ టీఎక్స్ వెళ్లాల్సింది ఆర్‌ఎక్స్1 పిన్‌లకి, అంటే బీ10, బీ11కి. పేరుకు పేరు కలిపేస్తే సూపర్‌స్పీడ్ (యూఎస్‌బీ 3) లింక్ అసలు లేవదు, డ్రైవ్ మాత్రం యూఎస్‌బీ 2 మీద చక్కగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. కాపీ వేగం సెకనుకు 40 ఎంబీ దగ్గర ఆగిపోయిందంటే మొదట ఇదే చూడండి. టీఎక్స్ జతలో వరుసగా ఉండే 100 నానోఫారడ్ కెపాసిటర్లు మర్చిపోయినా ఇదే లక్షణం.

బోర్డు 4 లేయర్లు ఉండాలి, సిగ్నల్ కింద తెగని గ్రౌండ్ ఉండాలి, జత ట్రేస్‌లు (బోర్డు మీది రాగి గీతలు) 90 ఓమ్ ఇంపెడెన్స్‌కి లెక్కవేసి వీలైనంత పొట్టిగా ఉంచాలి. బోర్డు అంచున కూర్చునే ప్లగ్‌లకు మందం ముఖ్యం, చాలావాటికి 0.8 మి.మీ. కావాలి. డేటాషీట్‌లో ఉన్న మందమే ఆర్డర్ ఇవ్వండి, 1.6తో వచ్చిన బోర్డుకు ఆ ప్లగ్ ఎక్కదు.

కరెంటు: అసలు కథ ఇక్కడే

ఎస్‌ఎస్‌డీకి కావలసింది 3.3 వోల్టులు, పోర్టు ఇచ్చేది 5. మధ్యలో బక్ కన్వర్టర్ (వోల్టేజ్ తగ్గించే సర్క్యూట్) పెట్టాలి. ఎస్‌ఎస్‌డీ స్టిక్కర్ మీద 3.3 వోల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది, కన్వర్టర్‌ని ఎంచుకోవాల్సింది దాన్ని చూసే. సగటు వాడకం చూసి ఎంచుకుంటే దెబ్బతింటారు. రాసేటప్పుడు డ్రైవ్ కరెంటును నిలకడగా తీసుకోదు, దఫదఫాలుగా లాగుతుంది.

ఆమధ్య ఒక కుర్రాడు తన బోర్డు తెచ్చాడు. చిన్న ఫైళ్లు బాగానే వెళ్తున్నాయి, 20 జీబీ ఫైలు కాపీ పెడితే కాసేపటికి డ్రైవ్ డిస్‌కనెక్ట్. అతను కేబుల్ మార్చాడు, ఫర్మ్‌వేర్ మార్చాడు, ఎస్‌ఎస్‌డీ కూడా మార్చాడు. మల్టీమీటర్‌లో 3.3 వోల్టులు స్థిరంగా చూపిస్తోంది. స్కోప్ (వోల్టేజ్‌ను క్షణక్షణం గీతగా చూపే పరికరం) ప్రోబ్‌ని కన్వర్టర్ దగ్గర కాకుండా ఎం.2 సాకెట్ పిన్ మీదే ఆనించి, 3.1 వోల్టుల దగ్గర ట్రిగ్గర్ పెట్టాం. కాపీ మొదలుపెట్టగానే గీత కిందికి కోతలు పడుతూ వచ్చింది, కొన్ని 2.9 దాకా. ఎం.2 స్పెసిఫికేషన్ ఒప్పుకునేది ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం, అంటే కనీసం 3.135 వోల్టులు. కారణం చూస్తే కన్వర్టర్ బోర్డుకు ఒక చివర, సాకెట్ ఇంకో చివర, మధ్యలో సన్నటి ట్రేస్, సాకెట్ దగ్గర ఒక్క చిన్న కెపాసిటర్. ట్రేస్ స్థానంలో వెడల్పాటి రాగి పరుపు వేసి, సాకెట్ పిన్‌ల పక్కనే 22 మైక్రోఫారడ్ సెరామిక్‌లు రెండు పెట్టి కొత్త బోర్డు వేస్తే ఆ జబ్బు మళ్లీ రాలేదు. సెరామిక్ కెపాసిటర్ మీద వోల్టేజ్ పడితే దాని విలువ తగ్గుతుంది కాబట్టి కాస్త పెద్ద రేటింగ్‌వే వాడండి.

అలాగని 5 వోల్టుల వైపు కెపాసిటర్లు గుమ్మరించకూడదు. గుచ్చగానే వీబస్ (పోర్టు 5 వోల్టుల లైన్) మీద నేరుగా కనిపించే కెపాసిటెన్స్ 10 మైక్రోఫారడ్‌లు దాటకూడదన్నది యూఎస్‌బీ నియమం. దాటితే గుచ్చిన క్షణంలో పోర్టు వోల్టేజ్ కుంగి పక్క పరికరాలు రీసెట్ అవుతాయి. నెమ్మదిగా తెరుచుకునే లోడ్ స్విచ్ ఒకటి పెట్టి మిగతావన్నీ దాని వెనక ఉంచండి.

పోర్టు ఎంత ఇవ్వగలనంటోందో కూడా తెలుసుకోవచ్చు. 5.1 కిలో ఓమ్ ఉన్న సీసీ పిన్ మీద మల్టీమీటర్ పెడితే సుమారు 0.4 వోల్టులు ఉంటే మామూలు యూఎస్‌బీ కరెంటు, అంటే యూఎస్‌బీ 3లో 900 మిల్లీఆంపియర్లు. 0.9 దగ్గర ఉంటే 1.5 ఆంపియర్లు, 1.7 దగ్గర ఉంటే 3 ఆంపియర్లు. రాసేటప్పుడు డ్రైవ్ 4 వాట్లు, బ్రిడ్జ్ 1 వాట్ అనుకుని కన్వర్టర్ నష్టం కలిపితే 5 వోల్టుల దగ్గర 1.1 ఆంపియర్లు. అంటే 900 మిల్లీఆంపియర్ల పోర్టులో ఈ కార్డు నమ్మకంగా నడవదు. నాలుగు పోర్టుల్లోనూ, మిగతా కార్డులు కూడా పెట్టి ఉంచి, కొలిచి చూడండి.

వేడి

5 వాట్లు అగ్గిపెట్టెకన్నా చిన్న మూసిన పెట్టెలో అంటే చాలా ఎక్కువ. మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లను సాధారణంగా 70 డిగ్రీల వరకే వాడమంటారు. ఆ పైన కంట్రోలర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గిస్తుంది. తగ్గించడం వరకు మంచిదే, ఇంకా ఎక్కితే డ్రైవ్ ఆగిపోతుంది, బ్రిడ్జ్ అది ఊడిపోయిందనుకుంటుంది.

కాబట్టి ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్ మీద, బ్రిడ్జ్ మీద థర్మల్ ప్యాడ్ వేసి, అది అల్యూమినియం మూతకు గట్టిగా ఆనాలి. మధ్యలో గాలి పొర ఉంటే ప్యాడ్ వేసినా దండగ. కార్డు బయటికి పొడుచుకు వస్తుందని బాధపడుతున్నారు కదా, వేడి బయటికి పోయేది ఆ భాగం నుంచే. ఇంట్లో ప్రింట్ చేసిన కేసు వాడతానంటే పీఎల్‌ఏ వద్దు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మెత్తబడిన కేసు గాడుల్లో బిగుసుకుపోతే కార్డు బయటికి లాగడం పెద్ద టెన్షన్. పీఈటీజీ కొంత మేలు, ఏబీఎస్ లేదా ఏఎస్‌ఏ ఇంకా మేలు.

ఉష్ణోగ్రత చూడటానికి స్మార్ట్‌మోన్‌టూల్స్ చాలు. రియల్‌టెక్, ఏఎస్‌మీడియా, జేమైక్రాన్ బ్రిడ్జ్‌ల గుండా ఎన్‌వీఎంఈ వివరాలు చదివే మోడ్‌లు అందులో ఉన్నాయి. పరీక్ష అంటే ఒక నిమిషం బెంచ్‌మార్క్ కాదు. డ్రైవ్‌లో సగం పైగా నింపేంత డేటా ఏకబిగిన రాయాలి. మొదట ఎస్‌ఎల్‌సీ క్యాష్‌లోకి (డ్రైవ్‌లోని వేగమైన తాత్కాలిక భాగం) వేగంగా వెళ్తుంది, అది నిండాక అసలు వేగం బయటపడుతుంది. క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు దాచే) డ్రైవ్‌లలో ఈ పతనం బాగా తెలుస్తుంది. క్యాష్ నిండిన తర్వాత అరగంట నిలబడితే ఆ కార్డును నేను నమ్ముతాను.

లినక్స్ రోజువారీ వాడకానికి

బూట్ సమస్య కాదు, ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్‌కి ఇది మామూలు యూఎస్‌బీ డ్రైవే. ఇబ్బంది వచ్చేది స్లీప్ నుంచి లేచేటప్పుడు. పోర్టుకు కరెంటు తగ్గి, బ్రిడ్జ్ రీసెట్ అయ్యి, డ్రైవ్ కొత్త పరికరంలా తిరిగి కనబడితే, రూట్ ఫైల్‌సిస్టమ్ దాని మీదే ఉన్న సిస్టమ్ అక్కడికక్కడ బిగుసుకుపోతుంది. డేటా డ్రైవ్ అయితే మళ్లీ మౌంట్ చేసుకుంటారు, అంతే. అందుకే నా సలహా: సిస్టమ్ లోపలి స్లాట్‌లో, డేటా కార్డులో. కార్డు నుంచే నడపాలంటే, ముందు ఖాళీ ఇన్‌స్టాలేషన్ మీద ఒక వారం పాటు మూత వేసి తీస్తూ వాడి చూడండి. లాగ్‌లో యూఎస్‌బీ రీసెట్ అన్న వరుసలు కనబడితే ఆ డ్రైవ్‌కు ఆటోసస్పెండ్ (ఖాళీగా ఉన్నప్పుడు నిద్రపుచ్చే సెట్టింగ్) ఆపండి. అయినా తగ్గకపోతే యూఏఎస్ (వేగమైన యూఎస్‌బీ స్టోరేజ్ ప్రోటోకాల్) ఆపే క్విర్క్, అంటే కెర్నల్‌కిచ్చే మినహాయింపు, పెట్టి చూడండి, వేగం కొంత పోతుంది గానీ కారణం ఎక్కడుందో తేలుతుంది.

ట్రిమ్ (చెరిపేసిన చోట్లేవో డ్రైవ్‌కు చెప్పే ఆదేశం) పనిచేస్తోందో లేదో కూడా చూసుకోవాలి. చాలా బ్రిడ్జ్‌లు దాన్ని సమర్థిస్తాయి, కానీ యూఎస్‌బీ డ్రైవ్‌కు లినక్స్ దాన్ని దానంతట అది ఆన్ చేయకపోవచ్చు. ప్రొవిజనింగ్ మోడ్‌ను అన్‌మ్యాప్‌కి మార్చే యూడెవ్ రూల్ (పరికరం గుచ్చగానే వర్తించే లినక్స్ నియమం) ఒకటి రాస్తే సరి. ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 పెట్టండి. ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నల్ (రాత మధ్యలో ఆగితే సరిచేసుకునే చిట్టా) లేదు, మధ్యలో ఊడే అవకాశం ఉన్న డ్రైవ్ మీద అది మంచిది కాదు.

మీరు 16 అంగుళాల మోడల్‌కి మారే ఆలోచనలో ఉంటే

అక్కడ లెక్క వేరు. ఫ్రేమ్‌వర్క్ 16లో 2280, 2230 స్లాట్లు ఒక్కోటి ఉంటాయి, వెనక ఎక్స్‌పాన్షన్ బేలో 8 పీసీఐఈ 4.0 లేన్లు ఉంటాయి. వాటిని నాలుగు, నాలుగుగా విడగొట్టి రెండు ఎస్‌ఎస్‌డీలు పెట్టే అడాప్టర్ కంపెనీయే అమ్ముతోంది. దాని డాక్యుమెంట్లు కూడా బయటే ఉన్నాయి. యూఎస్‌బీ బ్రిడ్జ్ అక్కర్లేదు, పూర్తి ఎన్‌వీఎంఈ వేగం వస్తుంది. సొంతంగా గీయాలంటే ఆ సిగ్నల్స్‌కి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి కాబట్టి మొదటి బోర్డుగా దాన్ని ఎంచుకోవద్దు.

13లోనే వైఫై స్లాట్‌కు అడాప్టర్ పెట్టి 2230 ఎక్కించేవాళ్లు కూడా ఉన్నారు. ఒక్క లేనే అయినా పీసీఐఈ కాబట్టి స్థిరంగా ఉంటుంది. వైఫై మాత్రం పోతుంది.

మీ మొదటి అడుగుగా నేను చెప్పేది: బోర్డు గీయకముందే, మగ ప్లగ్‌తో వచ్చే 2230 ఎన్‌క్లోజర్ ఒకటి తీసుకుని, దాని బోర్డును బయటికి తీసి, మీ కేసులో కూర్చోబెట్టండి. గాడులు, లాచ్, వేడి, స్లీప్ ఈ నాలుగూ దానితోనే తేలిపోతాయి. బ్రిడ్జ్ చిప్పుల పూర్తి డేటాషీట్లు అందరికీ దొరకవు, పనిచేసే బోర్డు ఒకటి ఎదురుగా ఉంటే మీ స్కీమాటిక్‌ని దానితో పోల్చుకోవచ్చు కూడా. ఆ తర్వాత సొంత బోర్డు గీసి, గెర్బర్ ఫైళ్లు (బోర్డు తయారీ డ్రాయింగులు) ఫ్యాబ్‌కి, అంటే బోర్డు చేసే ఫ్యాక్టరీకి, పంపే ముందు స్కీమాటిక్ ఇక్కడ పెట్టండి. ప్లగ్ పిన్‌లు, 3.3 వోల్టుల భాగం నేను చూసి చెబుతాను. ఏ ఎస్‌ఎస్‌డీ అనుకుంటున్నారో, దాని స్టిక్కర్ మీద ఎన్ని ఆంపియర్లని ఉందో కూడా రాయండి.